అమ్మ మోకాలి కట్టు

ఆ సెలూన్‌లో కుర్చీలు రెండే గానీ, గోడవారగా ఉన్న బెంచీ మీద ఎప్పుడు చూసినా ఐదారుగురు కూర్చుని ఉండేవారు. వాళ్లలో సగం మందికి జుట్టు కత్తిరించుకోవాల్సిన పనే ఉండేది కాదు. రోజూ వచ్చే ఒక పెద్దాయనకైతే కత్తిరించడానికి జుట్టే లేదు. అందరూ వచ్చేది కబుర్ల కోసం. అందుకే సెలూన్ నడిపే ఆయన్ని వీధిలో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. కబుర్లాయన అనేవారు.

ఆయన చెయ్యి ఎంత చురుకో నోరు అంతకంటే చురుకు. మిషన్ చూసి ఏడిచే చిన్నపిల్లాడితో, "నీకు చెవులు రెండే కదూ? సరే, పని అయ్యాక రెండూ లెక్కపెట్టి అప్పజెప్తా" అనేవాడు. పిల్లాడు ఏడుపు ఆపి చెవులు తడుముకునేలోపు సగం తల అయిపోయేది. కొత్తగా మీసం మొలుస్తున్న కుర్రాడు వస్తే, "ఏం బాబూ, పెదవి మీద మసి అంటింది, తుడవనా?" అనేవాడు. కుర్రాడు చచ్చేంత సిగ్గుపడేవాడు. బెంచీ అంతా గొల్లుమనేది. ఇందులో ఎవరికైనా నొప్పి కలుగుతుందని ఆయనకెప్పుడూ తోచలేదు. నవ్వించడం పుణ్యమనే ఆయన నమ్మకం.

"మీ నోట్లో నువ్వుగింజ నానదండీ" అనేది ఆయన భార్య. ఆవిడ బట్టల షాపులో పనిచేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం. కొన్నాళ్లుగా కుడి మోకాలు పోటు పెడుతుంటే, దానికి సాగే కట్టు ఒకటి చుట్టుకుని పనికి వెళ్లేది. వాళ్లకి ఇద్దరు పిల్లలు. అమ్మాయి పదకొండో తరగతి, మాటకు మాట అప్పజెప్పడంలో తండ్రికి తీసిపోదు. అబ్బాయి అదే బడిలో ఎనిమిదో తరగతి. వాడిది తల్లి పోలిక, మాట తక్కువ. కాళ్లలో మాత్రం గాలి ఉంది. బడిలో పరుగు పందెం పెడితే ముందు వాడి పేరు రాసుకుని, తర్వాతే మిగతావాళ్ల పేర్లు రాసుకునేవారు.

సెలవు రోజుల్లో తండ్రికి భోజనం క్యారియర్ తెచ్చే పని వాడిది. అలా ఒక మధ్యాహ్నం వాడు దారిలో ఉండగానే వాన అందుకుంది. తడిసి ముద్దై సెలూన్‌లోకి వచ్చాడు. పల్చటి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఈ మధ్య వాడి ఛాతీ దగ్గర రెండు పక్కలా కొంచెం ఉబ్బుగా తయారైంది. మామూలుగా అయితే కనిపించేది కాదు గానీ, తడి చొక్కాలో, అంత పెద్ద అద్దం ముందు దాచడానికేం లేకపోయింది. కబుర్లాయన కత్తెర ఆపి, అద్దంలో కొడుకుని చూశాడు. మాట నాలుక మీదికి వచ్చాక దాన్ని మింగడం ఆయనకి అలవాటు లేదు.

"ఇదుగో, చూడండి! మా రెండో అమ్మాయి వచ్చింది!"

బెంచీ గొల్లుమంది. టైర్ల షాపాయన తొడ చరుచుకుని మరీ నవ్వాడు. ఆయన కొడుకు అప్పుడు కుర్చీలోనే ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టుకుని, అద్దంలోంచి చూస్తూ వాడూ నవ్వాడు. వాడిదీ తన కొడుకుదీ ఒకటే క్లాసని కబుర్లాయనకి తెలుసు. అయితే ఏంటి, నవ్వనీ అనుకున్నాడు.

అబ్బాయి క్యారియర్ బెంచీ చివర పెట్టి, రెండు చేతులూ ఛాతీకి అడ్డంగా కట్టుకున్నాడు.

"వాన తగ్గాక వెళ్లరా" అన్నాడు తండ్రి.

వాడు వినిపించుకోలేదు. అదే వానలోకి పరుగెత్తాడు. తడవడం సరదాగా ఉన్నట్టుందిలే అనుకుని ఆయన మళ్లీ కత్తెర ఆడించాడు.

*

ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కటీ మారుతూ వచ్చాయి. అబ్బాయి స్నానానికి వెళ్తే గడియ రెండుసార్లు లాగి చూసుకునేవాడు. ఎండాకాలం ఉడుకులో కూడా బనీను మీద చొక్కా, చొక్కా మీద ఇంకో చొక్కా. నిలబడితే భుజాలు ముందుకి వంగిపోయేవి, ఎవరో మెడ మీద మూట పెట్టినట్టు. "నిటారుగా నిలబడరా, ముసలాడిలా ఏంటది?" అని తల్లి వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి పక్కకి జరిగేవాడు. పరుగు ప్రాక్టీసుకి ఎందుకు వెళ్లట్లేదంటే కాలు నొప్పి అన్నాడు. మర్నాడు అడిగితే ఇంకో కాలు చూపించాడు.

"వయసొస్తోంది కదే, కొమ్ములు మొలుస్తున్నాయి" అన్నాడు కబుర్లాయన.

"కొమ్ములు మొలిస్తే పొడవాలి గానీ, ఇలా ముడుచుకుపోతాడా?" అంది భార్య. ఆవిడకి అనుమానంగానే ఉంది. కానీ ఏమని అడగాలో తెలియలేదు. వాడు పసివాడూ కాదు, పెద్దవాడూ కాదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని అడగలేదు, ఎదురుగా కూర్చోబెట్టుకునీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ మోకాలి కట్టు కనిపించకుండా పోయింది.

పొద్దున్నే పనికి వెళ్లే తొందరలో ఇల్లంతా తిరగేసింది. మంచం కింద చూసింది, బట్టల తీగ మీద చూసింది, ఆఖరికి బియ్యం డబ్బా మూత కూడా తీసి చూసింది. "రాత్రి ఉతికి ఇక్కడే ఆరేశానండీ. కాళ్లొచ్చి నడిచి వెళ్లిపోయిందా?"

"మోకాలి కట్టుకి కాళ్లు రాక ఇంకేమొస్తాయే?" అన్నాడు ఆయన. అమ్మాయి నవ్వింది. తల్లి కూడా కోపంలోనే నవ్వేసింది. అబ్బాయి ఒక్కడే తల పైకెత్తకుండా కంచంలో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆవిడ పాత తువ్వాలు చింపి మోకాలికి బిగించుకుని కుంటుకుంటూ వెళ్లింది. ఆమె గుమ్మం దాటేదాకా వాడు ఆ కాలివంకే చూశాడు.

*

బడి నుంచి ఫోన్ వచ్చేసరికి కబుర్లాయన ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. "మీ అబ్బాయి గ్రౌండులో పడిపోయాడండీ. కంగారేం లేదు, స్పృహలోనే ఉన్నాడు. ఒకసారి వస్తారా?" అన్నారు అవతల నుంచి.

కంగారు లేదంటేనే కంగారు ఎక్కువవుతుంది. "మిగతాది నువ్వే గీసుకో అన్నా" అని కత్తి ఆసామి చేతిలో పెట్టి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయల్దేరాడు.

బడిలో ఒంట్లో బాగోని పిల్లల్ని పడుకోబెట్టే గది చిన్నది. ఒక మంచం, ఒక ఫ్యాను, గోడకి పళ్లు తోముకునే పద్ధతి చూపే బొమ్మ. అబ్బాయి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కూతురు అప్పటికే వచ్చి మంచం పక్కన నిలబడి ఉంది. ఆటల మాస్టారు ఆయన్ని తలుపు దగ్గరే ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇవాళ అందరూ పరుగెత్తాలని నేనే పట్టుబట్టానండీ. ఒక రౌండు బాగానే పరుగెత్తాడు. రెండో రౌండులో ఊపిరాడక కూలబడిపోయాడు. గాలి ఆడుతుందని గుండీలు విప్పితే..." ఆయన జేబులోంచి చుట్టిన గుడ్డ ఏదో తీసి ఇచ్చాడు. "ఛాతీ చుట్టూ ఇది బిగించుకుని ఉన్నాడు. పిన్నీసులు పెట్టుకుని మరీ. పిల్లల్ని దూరం పంపేశాను లెండి, ఎవరూ చూడలేదు."

కబుర్లాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చెమటకి తడిసి బరువుగా ఉంది. ఒక అంచు చిరిగితే భార్య నీలం దారంతో కుట్టుకున్న కుట్టు అలాగే ఉంది.

"ఎందుకురా?" అన్నాడు మంచం దగ్గరికి వెళ్లి.

వాడు గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. పైకి జరిగిన చొక్కా కింద, పక్కటెముకల మీద, కట్టు ఒరుసుకున్న చోట చర్మం ఎర్రగా కమిలిపోయి కనిపించింది.

"నాన్నా, ఒకసారి బయటికి రా" అంది కూతురు.

వరండాలో ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. "వాడికి ఛాతీ దగ్గర ఉబ్బింది. అది దాచడానికే కట్టుకున్నాడు. నాకూ ఇవాళే తెలిసింది. కానీ క్లాసులో వాణ్ణి ఏమని పిలుస్తున్నారో మాత్రం నాకు ముందే తెలుసు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఏమని పిలుస్తున్నారు?"

"చెల్లెమ్మ అని."

కబుర్లాయన చేతిలోని కట్టుని పిడికిట్లో నలిపేశాడు. "ఎవడు వాడు? చెప్పు! చెవి మెలిపెట్టి చేతికిస్తా."

"టైర్ల షాపాయన కొడుకు మొదలుపెట్టాడు."

"పద, వాడి క్లాసు చూపించు."

"చూపిస్తా. కొట్టు. కానీ ఆ మాట ఎక్కడ విన్నాడో ముందు అడిగి, తర్వాత కొట్టు నాన్నా."

ఆయన ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తడి చొక్కా, అద్దం, తెల్లగుడ్డ పైన నవ్వుతున్న కుర్రాడి మొహం ఒక్కసారిగా కళ్ల ముందుకి వచ్చాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందని తన బెంచీ మీదే ఎన్నోసార్లు ఎవరెవరి గురించో అన్నాడు. తన పెదవి దాటిన మాట ఎంత దూరం వెళ్లిందో ఇప్పుడు తెలిసింది. సెలూన్ నుంచి బడికి, బడి నుంచి కన్నకొడుకు ఒంటి మీదికి.

ఆ రోజు కొడుకుని వెంటబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. ఎదురైనవాళ్లు "ఏం కబుర్లాయనా, షాపు కట్టేశావే?" అని పలకరిస్తే తల ఊపి నడిచాడు.

*

సాయంత్రం తల్లి పని నుంచి రాగానే అబ్బాయి కట్టు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాడు. ఉతికి, పిండి, సగం ఆరబెట్టి ఉంది. "సారీ అమ్మా. నీకు నొప్పని తెలుసు. అయినా తీసేశా."

ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. వంటింటి గడప మీదే కూలబడి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "కట్టుదేముందిరా, ఇంకోటి కొనుక్కుంటా. ఇంత కష్టం ఒక్కడివే ఎలా మోశావురా నాన్నా?"

దాంతో వాడి నోరు పెగిలింది. "అమ్మా, లోపల గడ్డలా ఉంది. బొత్తాం అంత. నొక్కితే నొప్పి. రెండు వైపులా ఉంది. ఫోన్‌లో వెతికితే కాన్సర్ అని వచ్చింది. ఇంకోచోట చూస్తే ఆడపిల్లలా మారిపోతున్నట్టు రాశారు. రెండిట్లో ఏదో నాకు తెలీడం లేదు."

ఆవిడకీ తెలియదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పలేదు. "నాకు పదమూడేళ్లప్పుడు నెలసరి వచ్చింది. ఎవరూ ముందు చెప్పలేదు. రక్తం చూసి చచ్చిపోతున్నాననుకుని, బావి దగ్గర కూర్చుని ఏడ్చా. తీరా చూస్తే లోకంలో ఆడవాళ్లందరికీ వచ్చేదే. నీదీ అలాంటిదేనేమో ఎవరు చూశారు? రేపు డాక్టరుకి చూపిద్దాం. నాన్న తీసుకెళ్తాడు."

"నాన్న వద్దు."

"నేను రానా మరి?"

"నువ్వూ వద్దు, నాకు సిగ్గు. నాన్నతో వెళ్తే ఎల్లుండికల్లా సెలూన్ మొత్తానికి తెలుస్తుంది."

ఆ మాటలో కోపం లేదు. ఎండాకాలంలో ఎండ కాస్తుందని చెప్పినట్టు చెప్పాడు. ముందు గదిలో నిలబడి వింటున్న కబుర్లాయనకి అదే ఎక్కువ గుచ్చుకుంది. తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఎవరికీ చెప్పనురా. ఒట్టు వెయ్యమంటావా?"

"నువ్వు చెప్పకుండా ఉండలేవు నాన్నా."

కాదనడానికి ఆయన దగ్గర సాక్ష్యం లేదు. కాసేపు గడప అంచుని కాలి బొటనవేలితో గీకాడు. "పోనీ ఒక పని చేద్దాం. నేను గది బయటే కూర్చుంటా. లోపలికి నువ్వొక్కడివే వెళ్లు. డాక్టరు ఏం చెప్పారో నాకు చెప్పకు. నాకు తెలియంది నేను ఎవరికి చెప్పగలను?"

ఈ తర్కం వాడికి నచ్చింది. కొంచెంసేపు ఆలోచించి, సరే అన్నట్టు తల ఊపాడు.

*

పిల్లల డాక్టరుగారు నెరిసిన జుట్టున్న పెద్దావిడ. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. అబ్బాయి ఒక్కడే లోపలికి వస్తానంటే ఆశ్చర్యపోలేదు సరికదా, "మంచిది. నాన్నగారూ, మీరు బయట కూర్చోండి" అని, నర్సుని పిలిచి తలుపు వేయించింది.

బయట బెంచీ మీద కబుర్లాయన కుక్కిన పేనులా కూర్చున్నాడు. పక్కన పసిబిడ్డని ఎత్తుకున్న ఒకావిడ, "ఎవరికండీ, బాగోలేదా?" అని మాట కలపబోయింది. ఇంకెప్పుడైనా అయితే ఆవిడ ఇంటి సంగతులూ తన ఇంటి సంగతులూ ఒక గంటలో ఇచ్చిపుచ్చుకునేవాడు. "మావాడికమ్మా" అని మాత్రం అన్నాడు. మూసి ఉన్న తలుపు ఎంత పెద్దగా ఉంటుందో ఆయన అంతకుముందు గమనించలేదు. లోపల నుంచి డాక్టరుగారి గొంతు సన్నగా వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. ఒకసారి కొడుకు నవ్వినట్టు వినిపించింది. తను పొరబడ్డాననుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. "మీవాడు మిమ్మల్ని పిలవమన్నాడు" అంది నర్సు.

అబ్బాయి బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. చొక్కా ఒక్కటే ఉంది, లోపలి చొక్కా మడిచి పక్కన పెట్టాడు.

"నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అని అడిగింది డాక్టరుగారు.

"నేనే చెప్తా." వాడు తండ్రివంక చూడకుండా, గోడ మీది గడియారంతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు. "ఇది కాన్సర్ కాదు. ఆడపిల్లగా మారడమూ కాదు. మగపిల్లలు పెద్దవుతున్నప్పుడు ఒంట్లో హార్మోన్లు ఎక్కువ తక్కువలవుతాయట. ఆడపిల్లల్లో ఉండేది మగవాళ్లలో కూడా కొంచెం ఉంటుందట, మగవాళ్లది ఆడపిల్లల్లో ఉన్నట్టే. మధ్యలో కొన్నాళ్లు లెక్క కుదరక ఇలా గడ్డ కడుతుంది. ఏడాదికో రెండేళ్లకో దానంతటదే తగ్గిపోతుంది. మా క్లాసులో సగం మందికి వచ్చే ఉంటుందట, లేకపోతే వస్తుందట. ఎవడూ చెప్పడు, అంతే."

"బాగా చెప్పావు. చాలామందికి తగ్గిపోతుంది. ఒకరిద్దరికి ఆలస్యమవుతుంది, అప్పుడు దారులున్నాయి" అంది డాక్టరుగారు. "ఆరు నెలలకి మళ్లీ చూపించండి. ఈలోగా బాగా పెరిగినా, గడ్డ రాయిలా గట్టిపడినా, రసి కారినా ఆగకుండా తీసుకురండి. ఏవైనా మందులు గానీ, కండలు పెంచే పొడులు గానీ వాడుతున్నాడేమోనని అడిగాను, లేదన్నాడు. ఎప్పుడూ వాడొద్దు. కట్టు మాత్రం ఇక కట్టకూడదు. ఊపిరి ఆడదు, చర్మం పాడవుతుంది. వదులుగా ఉండే చొక్కా వేసుకుని హాయిగా పరుగెత్తనివ్వండి."

కబుర్లాయన రెండు చేతులూ జోడించబోయి, ఏం అనాలో తెలియక ఒక ప్రశ్న అడిగాడు. "సగం మందికి వస్తుందంటున్నారు కదా డాక్టరుగారూ. నాది సెలూన్. ఇన్నేళ్లుగా ఎంతమంది కుర్రాళ్లు నా కుర్చీలో కూర్చున్నారో! ఒక్కడంటే ఒక్కడు కూడా ఈ మాట నాతో అనలేదేమండీ?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "వాళ్లు మీతో చెప్పి ఉంటే మీరు ఏం చేసేవారు?"

ఆయన మడిచి పెట్టిన లోపలి చొక్కా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆవిడా రెట్టించి అడగలేదు.

తిరుగుదారిలో ఒక బట్టల కొట్టు ముందు ఆగి, వాడి కొలత కంటే పెద్దది, ముదురు రంగు బనీను ఒకటి తీసుకున్నారు. వాడే ఎంచుకున్నాడు. బయటికొచ్చి అరటిపళ్లు తింటూ నడుస్తుంటే కబుర్లాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు వానలో... నేను అనకుండా ఉండాల్సిందిరా."

వాడు తొక్క ఒలుస్తూ కాసేపు నడిచాడు. "నువ్వు అనకపోయినా ఎవడో ఒకడు అనేవాడు నాన్నా. కానీ నువ్వన్నావు."

అంతకంటే పెద్ద తిట్టు ఆయన జీవితంలో తినలేదు. తిట్టు తిన్నాక తండ్రీ కొడుకులు మిగిలిన అరటిపండుని చెరిసగం చేసుకున్నారు.

*

తర్వాత కొన్నాళ్లు సెలూన్ బెంచీ మీది జనానికి ఏదో లోటుగా అనిపించింది. కబుర్లు ఉన్నాయి, నవ్వులూ ఉన్నాయి. కానీ కబుర్లాయన ఇప్పుడు నవ్వుకోవడానికి తననే తీసుకుంటున్నాడు. తన బొజ్జ మీద, తన అప్పడాల్లాంటి చెవుల మీద, స్కూటరు ఎక్కడం రాక పడిపోయిన సంగతి మీద. కుర్చీలో ఎవడైనా కుర్రాడు కూర్చుంటే మాత్రం ఆ పెదవి మీది మసి ఆయన కంటికి కనిపించడం మానేసింది.

"నోటికి పథ్యం పెట్టారా ఏంటి?" అన్నాడు జుట్టులేని పెద్దాయన.

"అరగడం లేదు పెద్దయ్యా, ఈ మధ్య కొన్ని మాటలు" అన్నాడు ఆయన.

ఒక ఆదివారం టైర్ల షాపాయన తన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. కుర్రాడి మొహం నిండా మొటిమలు. "జుట్టుతో పాటు ఈ మొటిమలు కూడా మిషన్ పెట్టి కొట్టెయ్యవయ్యా. మొహం కాదది, గులకరాళ్ల రోడ్డు!" అన్నాడు తండ్రి. బెంచీ నవ్వింది. నవ్వి, కబుర్లాయన ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తాడేమోనని ఎదురుచూసింది. ఆయనకి తోచకపోలేదు. మంచి మాటే తోచింది, నాలుక చివరికి వచ్చింది కూడా.

"ఆ వయసులో మన మొహాలూ ఇలాగే ఉండేవన్నా. మనం మర్చిపోయాం, అద్దాలు మర్చిపోలేదు" అని మెడకి గుడ్డ కట్టాడు.

టైర్ల షాపాయనకి ఫోన్ వస్తే బయటికి వెళ్లాడు. బెంచీ మీదివాళ్లు క్రికెట్ గొడవలో పడ్డారు. కబుర్లాయన ఆ కుర్రాడి చెవి మడిచి పట్టుకుని, చుట్టూ జుట్టు సరిచేస్తున్నాడు. మెలిపెట్టి చేతికిస్తానన్న చెవి అదే. ఇప్పుడు తన వేళ్ల మధ్య ఉంది. వెచ్చగా, మెత్తగా, చిన్నపిల్లాడి చెవిలాగే ఉంది.

"అంకుల్" అన్నాడు కుర్రాడు, పెదవులు కదలకుండా. "మీవాడు పడిపోయాక డాక్టరుకి చూపించారట కదా. ఆ డాక్టరు ఎక్కడుంటారు?"

"ఎవరికి బాబూ?"

"మా... మా పెదనాన్న కొడుక్కి." అద్దంలో వాడి కళ్లు కిందికి వాలిపోయాయి. గుడ్డ కింద రెండు చేతులూ ఛాతీకి అడ్డంగా ముడుచుకున్నాయి.

కత్తెర ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత మళ్లీ ఆడింది. "బస్టాండు వెనక వీధిలో పిల్లల ఆసుపత్రి. నెరిసిన జుట్టు డాక్టరమ్మగారు. మీ పెదనాన్న కొడుక్కి చెప్పు, గదిలోకి పెద్దవాళ్లు లేకుండా వెళ్తానంటే ఆవిడ పంపిస్తారు. భయపడేదేం ఉండదనీ చెప్పు. చాలామందికి వచ్చేదేనట."

గుడ్డ కింద కుర్రాడి చేతులు కొంచెం వదులయ్యాయి.

"ఇంకో సంగతి" అన్నాడు కబుర్లాయన, వాడి చెవి దగ్గరికి వంగి. "మీ క్లాసులో ఒకడి మీద ఒక పేరు తిరుగుతోందట. ఆ పేరు పుట్టింది ఈ షాపులోనే, నా నోట్లోనే. నా సరుకు నేను వాపసు తీసుకుంటున్నా. మీవాళ్లందరికీ ఆ మాట చెప్పు."

"సరే అంకుల్."

ఆ రోజు ఆయన ఇంటికి వెళ్లేసరికి కడుపులో పెట్టుకున్న కబురు ఉబ్బిపోతోంది. వీధి మొత్తం నెల రోజులు చెప్పుకునేంత కబురు. "ఇవాళ షాపులో విశేషాలేంటండీ?" అని భార్య అడిగింది. కొడుకు కూడా తలెత్తి చూశాడు. వాడికైనా చెబితే ఎంత సంతోషిస్తాడోననిపించింది. కానీ ఆ కుర్రాడు దాచుకున్నది దాచుకున్నట్టే ఉండాలి కదా. "ఏముంటాయే, జుట్టు పెరుగుతోంది, కొడుతున్నాం" అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

పేరు ఒక్కరోజులో పోలేదు. కొందరు పిలుస్తూనే ఉన్నారు, కానీ మొదట పిలిచినవాడు మానేసరికి మిగతావాళ్లకి రుచి తగ్గింది. అబ్బాయి ముదురు రంగు బనీను వేసుకుని మళ్లీ గ్రౌండులోకి వెళ్లాడు. బడి ఆటల పోటీల్లో గెలవలేదు, నాలుగోవాడిగా వచ్చాడు. "ప్రాక్టీసు పోయింది కదా" అన్నాడు, ఎవరూ అడగకుండానే. వీపు ఇంకా పూర్తిగా నిటారుగా కాలేదు. డాక్టరుగారు చెప్పినట్టు ఆరు నెలలకి చూపిస్తే, కొంచెం తగ్గుముఖం పట్టిందంది.

ఆ తర్వాతి ఆదివారమే వాడు మళ్లీ సెలూన్‌కి వచ్చాడు. క్యారియర్ ఇచ్చి వెళ్లిపోతాడనుకుంటే, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. వాన రోజు తర్వాత వాడు ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు. అన్నాళ్లూ అక్క చేత ఇంట్లోనే వంకరటింకరగా కత్తిరించుకున్నాడు. కబుర్లాయన ఉతికిన గుడ్డ వెతికి తీసి మెడకి కట్టాడు.

"ఎలా కొట్టమంటావు?"

"వెనకాల చిన్నగా, ముందు కొంచెం పొడ..." అంటుండగా వాడి గొంతు విరిగింది. మాట మొదట్లో చిన్నపిల్లాడి గొంతు, మధ్యలో కోడిపుంజు, చివరికి ఎవరో లావుపాటి మనిషి గొంతు. ఆ మూడూ ఒకే మాటలో వచ్చేశాయి.

బెంచీ నిశ్శబ్దమైపోయింది. జుట్టులేని పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అందరూ కబుర్లాయనవంక చూశారు. ఆయన పళ్లు బిగించి, దువ్వెన నీళ్లలో ముంచి, అవసరం లేకపోయినా మళ్లీ ముంచి, కొడుకు తల వెనక ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆయన భుజాలు మాత్రం కదిలిపోతున్నాయి.

అబ్బాయి అద్దంలో తండ్రిని చూశాడు. వాడి పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది.

"పర్లేదు నాన్నా, దీనికి నవ్వుకో" అన్నాడు. ఆ మాట కూడా సగంలో కీచుమంది. ముందు వాడే నవ్వేశాడు. తండ్రి దువ్వెన కింద పడేసి, కుర్చీ వీపు పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు.